పెద్ద హోటల్ల దావత్, చేతిల చిన్న సంచి: ఏం తొడుక్కోవాలె?

పోయినసారి రైల్ల తిండి ముచ్చట రాసినంక ఈసారి అందరు బట్టలను పట్టుకున్నరు. నల్లగొండ నుంచి గద్వాల దాక వచ్చిన ప్రశ్నలు చూస్తే ఒకటి అర్థమైంది, మనోళ్లకు పెద్ద హోటల్ బిల్లంటే అంత భయం లేదు గని, డోర్ కాడ ఎవడన్న పైనుంచి కింది దాక చూస్తడేమో అని బుగులు. ఆ చూసేటోళ్లల్ల నేనొకణ్ని. పదిహేనేండ్లు హైదరాబాద్‌ల, దుబాయ్‌ల రెస్టారెంట్ డోర్ కాడ నిలబడి ఎవర్ని లోపలికి పంపాలె, ఎవర్ని మర్యాదగ ఆపాలె చూసుడే నా డ్యూటీ. అసలు మన ఊర్లల్ల హోటల్ అంటే చాయ్, మిర్చిబజ్జి, గంతే. ఆ హోటల్‌కు ఈ హోటల్‌కు పేరు ఒక్కటే అయినందుకే సగం పరేషాన్ వస్తది అనుకుంట.

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి ఒక పెద్దాయన): నమస్తే తమ్మి. మా పెండ్లిరోజుకు బిడ్డ, అల్లుడు ఫలక్‌నుమా ప్యాలెస్‌ల డిన్నర్ పెట్టుకున్నరు. స్మార్ట్ క్యాజువల్‌ల రావాలె నాయనా అని బిడ్డ ఫోన్ల చెప్పింది. నాకు సూట్ లేదు, ఒక్క సఫారీ ఉన్నది, అది మా తమ్ముని లగ్గంల కుట్టించింది, ఇప్పుడు గుండీలు పడ్తలేవు. బస్సుల వస్తం, రాత్రికి బిడ్డ ఇంట్ల పండుకొని తెల్లారి వాపస్, ఇద్దరికి కలిపి ఒక్క చేతి సంచే. కొత్త సూట్ కుట్టించుకోవాల్నా?

జవాబు: వద్దు పెద్దాయనా, అస్సలు వద్దు. స్మార్ట్ క్యాజువల్ అంటే సూట్ కాదు, ఆ మాటల క్యాజువల్ అని వాళ్లే అన్నరు గద. కాలర్ ఉన్న అంగీ, ఫుల్ ప్యాంటు, కాలు మూసే బూట్లు, ఈ మూడుంటే మీ పని అయిపోయినట్టే. వద్దనేటియి ఏందంటే నిక్కరు, చేతుల్లేని బనీను, బాత్రూం చెప్పులు, జిమ్ముకు పోయే ట్రాక్ ప్యాంటు, మోకాళ్ల కాడ చినిగిన జీన్సు. డోర్ కాడ మేం చూసే వరుస చెప్తా వినండ్రి, ముందు పాదాలు, తర్వాత మోకాళ్లు, ఆఖరికి మెడ. పాదాల కాడ ఓకే అయితే మిగిలింది సగం చూడనే చూడం, ఎనుక లైన్ల ఇంకో పదిమంది నిలబడి ఉంటరు.

మీకు నేను చెప్పేది ఇట్ల. ముదురు రంగు ప్యాంటు ఒకటి, నేవీ బ్లూనో నల్లదో, తెల్లదో లేత నీలందో ఫుల్ చేతుల అంగీ ఒకటి. దాని మీద పోచంపల్లి ఇక్కత్ గుడ్డతోని కుట్టిన చేతుల్లేని నెహ్రూ జాకెట్ ఒకటి ఏసుకోండ్రి, మీ అల్లుడు గూడ అడుగుతడు యాడ కొన్నరు మామా అని. సూట్ కోటు తూకం ముప్పాతిక కిలో పైననే ఉంటది, ఈ జాకెట్ దాంట్ల సగం గూడ ఉండదు, మడతపెడ్తే టవల్ అంత జాగల పడ్తది. పోచంపల్లి మీకు దూరం గాదు గద, మొన్నటిదాక మన నల్లగొండ జిల్లానే, ఇప్పుడు యాదాద్రి భువనగిరి అయింది. 1951ల వినోబా భావే భూదానం మొదలుపెట్టింది అక్కడనే, ఆ ఊరికి భూదాన్ పోచంపల్లి అని పేరు గూడ దాంతోనే వచ్చింది. అక్కడి గుడ్డ ఏసుకొని ప్యాలెస్‌ల కూసుంటే దాని దర్జా దానికి ఉంటది.

బూట్లు మాత్రం కొత్తయి కొనకండ్రి, నా మాట వినండ్రి. అది గుట్ట మీద కట్టిన మహల్, మెట్లున్నయి, పాలరాయి ఉన్నది, చూసుకుంట తిరగాల్సింది మస్తు ఉన్నది, కొత్త బూటు మడిమ కొరికితే మీకు 101 మంది కూసునే ఆ పెద్ద డైనింగ్ టేబుల్ గూడ కనపడదు, బూటు ఎప్పుడు ఇడుస్తనా అనే ఉంటది. పాతయే పాలిష్ కొట్టుకోండ్రి. బస్సుల పాత ప్యాంటు మీద రండ్రి, మంచి జత మీ ఇంటామె చీర మడతల నడుమ పెట్టుకోండ్రి, బిడ్డ ఇంట్ల ఇస్త్రీ పెట్టె ఉంటది గద, ఇగ ఫికర్ ఏంది. ఆమెకు మాత్రం ఒక శాలువా యాది మర్వకుండ పెట్టండ్రి, ఏసీ హాల్ల గంటన్నర కూసుంటే పెద్దోళ్లకు చలి పెడ్తది. బుకింగ్ ఉన్నోళ్లనే గేటు లోపలికి పంపుతరు, ఆ మెసేజ్ మీ ఫోన్ల గూడ పెట్టించుకోండ్రి.

ఇంకో ముచ్చట, బట్టల మీదనే గాబట్టి చెప్త. ఆ మహల్ 1884ల మొదలుపెట్టింది వికారుల్ ఉమ్రా, తర్వాత అది ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా చేతికి పోయింది. మన మహబూబ్‌నగర్‌కు పేరు వచ్చింది గూడ ఆయన పేరు మీదనే. ఏసిన బట్ట మళ్ల ఏసుకునేటోడు కాదు అని చెప్తరు ఆయన గురించి, పురానీ హవేలీల ఆయన బట్టలు పెట్టుకున్న రెండంతస్తుల చెక్క బీరువా ఇప్పటికీ ఉన్నది, ఒక పొడుగాటి హాలు మొత్తం అదే. తెల్లారి వాపస్ పొయ్యే ముందు టైముంటే చూసి రండ్రి, చేతి సంచితోని వచ్చినోళ్లకు మంచి తమాషా. మహల్ హోటల్ అయింది 2010ల.

ప్రశ్న (నారాయణపేట నుంచి ఒక టీచరమ్మ): సర్, మా ఆయన ఆఫీసోళ్లు సింగపూర్ తీస్కపోతున్నరు, నాలుగు రాత్రులు. టికెట్‌కు చెక్‌ఇన్ బ్యాగ్ లేదట, చేతిల పట్టుకునే 7 కిలోలే. ఒక రాత్రి పెద్ద హోటల్ల ఆఫీస్ డిన్నర్, ఫార్మల్స్ అని రాసిన్రు. ఆయన తోటి ఉద్యోగుల భార్యలంతా గౌన్లట. నేను చీర కట్టుకుంటే ఎబ్బెట్టుగ ఉంటదా? ఒక్క చీరకు ఎంత సామాను తోడు రావాలె, మీకు తెల్వనిదా.

జవాబు: అక్కా, మీరు నారాయణపేటల ఉండి చీర గురించి నన్ను అడుగుతున్నరు, నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వదు. నేను డోర్ కాడ ఉన్నన్ని రోజుల్ల చీర కట్టుకొచ్చిన మనిషిని ఏ మేనేజర్ గూడ ఆపమనలే. ఫార్మల్ అన్నకాడ మొగోళ్లకే తిప్పలు, టై అంటరు, కోటు అంటరు, ఆడోళ్లకు చీర ఒక్కటుంటే కింద నుంచి పై దాక అన్ని కోడ్లు దాటుతది. గౌన్ ఏసుకున్నోళ్లు ఆ గౌన్‌కు తగ్గ హీల్స్ మోసుకపోవాలె, మీ చీర కుచ్చిళ్ల కింద ఏ చెప్పులున్నయో దేవునికి గూడ కనపడదు. బంగారు రంగు పట్టీ ఉన్న ఫ్లాట్ చెప్పులు ఒక్క జత చాలు, పగలు తిరగనీకి ఏసుకున్న బూట్లు ఎట్లాగు కాళ్లకు ఉంటయి.

ఏ చీర అంటే, బరువు చూసుకుంటే గద్వాల. ఒళ్లంత నూలు, అంచు కొంగు పట్టు, రెండు వేరే వేరే నేసి కలిపేటి పనితనం వాళ్లది. అగ్గిపెట్టెల పట్టే చీర అని మన పెద్దోళ్లు చెప్పేది దీని గురించే గద. నారాయణపేట నూలు చీర అయితే ఇంకా తేలిక, గళ్ల డిజైన్, పగటి పూటకు మస్తు, గని రాత్రి దావత్‌కు జరీ అంచున్నది తీయండ్రి. కంచి పట్టు మాత్రం ఇంట్ల ఉండనీయండ్రి, పెండ్లి చీరలు కొన్ని కిలో దాక తూగుతయి, 7 కిలోలల్ల అదొక్కటే ఏడో వంతు తింటది.

తోడు సామాను తగ్గించే ఉపాయం: లంగా ఒక్కటే, రెండు చీరలకు నడిచే రంగుది. జాకెట్లు రెండు. పిన్నీసులు ఒక చిన్న డబ్బీల, అవి క్యాబిన్ బ్యాగుల పోతయి, భయం లేదు. చీరను జరీ లోపలికొచ్చేటట్టు మడతపెట్టి మెత్తటి తెల్ల నూలు గుడ్డల చుట్టండ్రి, పాత మడత మీదనే మళ్ల మడత పడకుండ కొంచెం జరిపి పెట్టండ్రి, జరీ విరుగుడు అక్కడనే మొదలైతది. హోటల్‌ల దిగంగనే తీసి హ్యాంగర్‌కు ఏలాడదీయండ్రి, సాయంత్రం దాక సగం ముడతలు వాటంతట అవే పోతయి. మిగిలినయి పోవాల్నంటే స్నానం చేసేటప్పుడు వేడినీళ్ల ఆవిరిల పది నిమిషాలు ఉంచితే చాలు, నూలుకు అయితే మంచిగ పని చేస్తది, జరీ మీద మాత్రం నీళ్లు చిలకరించకండ్రి. ఇస్త్రీ పెట్టె రూంల అల్మారిల ఉంటది, లేకపోతె ఫోన్ కొడ్తే తెచ్చిస్తరు. లాండ్రీకి ఇయ్యకండ్రి, ఒక్కో బట్టకు వాళ్లేసే రేటు చూస్తే ఇంకో చీర కొనొచ్చు అనిపిస్తది.

క్యాబిన్ బ్యాగు అన్నరు గాబట్టి ఒక మాట. నూనెలు, షాంపూలు, క్రీములు ఒక్కోటి 100 మిల్లీలీటర్ల లోపు సీసాల ఉండాలె, ఇది ఇంటర్నేషనల్ ఫ్లైట్‌కు గట్టి రూలు. మామిడికాయ తొక్కు డబ్బా గూడ దాని కిందికే వస్తది, సెక్యూరిటీ కాడ తీసి పక్కన పెట్టేస్తరు, మీ ఆయనకు ఎంత ఇష్టమున్నా సరే. సకినాలు పెట్టుకోండ్రి.

ఒక రోజు టైం దొరికితే రాఫెల్స్ హోటల్ చూసి రండ్రి, 1887 నాటిది. దాంట్ల లాంగ్ బార్ అని ఒకటుంది, రోడ్డు మీద కాయితం ముక్క పడేస్తే జుర్మానా ఏసే ఊర్ల, అక్కడ మాత్రం పల్లికాయ పొట్టు నేల మీదనే పడేస్తరు, అదే అక్కడి ఆనవాయితీ. మన పల్లికాయ చేన్ల కూసున్నట్టే ఉంటది. దానికి పట్టు చీర అక్కర్లేదు.

ప్రశ్న (దేవరకొండ): అన్నా, మా బాపు జిందగీల ప్యాంటు తొడగలే. ధోతి, తెల్లంగీ, భుజం మీద రుమాల్, గదే ఆయన డ్రెస్సు. మా చెల్లె పెండ్లి మాటలకు హైదరాబాద్ల అవతలోళ్లు ఒక ఫైవ్ స్టార్ హోటల్ల లంచ్ పెట్టిన్రు. ఆపుతరా? ఆపితే ఇజ్జత్ పోతది, ఆయన మళ్ల ఆ సంబంధం మొఖం చూడడు.

జవాబు: ఆపరు తమ్మి. హోటల్ వేరు, క్లబ్బు వేరు, చానమంది ఈ రెండిటిని కలిపేస్తరు. ఇంగ్లీషోళ్ల కాలం నాటి క్లబ్బులు కొన్ని మెంబర్ల రూల్సు పెట్టుకొని ఇంకా మన బట్టలంటే మొఖం తిప్పుకున్నయి, నిజమే. ముంబైల ఒక పాత క్లబ్బు ఎం.ఎఫ్. హుస్సేన్ అంతటి చిత్రకారుణ్ని కాళ్లకు చెప్పుల్లేవని లోపలికి రానియ్యలే, 1988 ముచ్చట. 2014ల చెన్నైల ఒక క్లబ్బు కాడ పంచె కట్టుకొచ్చిన హైకోర్టు జడ్జినే ఆపిన్రు, దాని మీద మస్తు లొల్లి అయి ఆ ఏడాదే తమిళనాడు అసెంబ్లీ చట్టం చేసింది, పంచె కట్టుకున్నడని ఎవర్ని ఆపొద్దని. ఆ చట్టం మనకు గాదు, తమిళనాడుకే, గని ఆ లొల్లి తర్వాత హోటళ్లోళ్లు అందరు జాగ్రత్త పడ్డరు. నేను పనిచేసిన కాడ గూడ జాతీయ దుస్తులు అంటే మాట్లాడకుండ లోపలికి తీస్కపోవాలె అని మాకు చెప్పి ఉంచిన్రు.

అయినా నీ దిల్ కుదుటపడాల్నంటే ముందురోజు హోటల్‌కు గాదు, ఆ రెస్టారెంట్‌కే ఫోన్ కలపమని అడుగు, మా నాయన ధోతి కట్టుకొని వస్తడు, లంచ్‌కే, ఏమన్న ఇబ్బందా అని. లేదంటరు. అన్నోని పేరు రాసుకో. డోర్ కాడ కొత్త పిల్లగాడెవడన్న నసిగితే ఆ పేరు చెప్తే చాలు. ధోతి తెల్లగ గంజి పెట్టి ఇస్త్రీ చేసిందై ఉండాలె, పొలం కాడికి కట్టుకుపోయేది కాదు. చెప్పులు మాత్రం మంచి తోలువి కొనియ్యి, ఎనుక పట్టీ ఉన్నయి. రుమాల్ తీసేయమని మాత్రం అనకు. దొరికితే పుట్టపాక తేలియా రుమాల్ ఏయించు, నూలును నూనెల నానబెట్టి నేసేది గద అది, ఒకప్పుడు అరబ్బు దేశాలకు తలగుడ్డలకని ఓడలల్ల పోయేది. వియ్యంకునికి ఆ ముచ్చట చెప్పుకుంట బాపు గంట గడుపుతడు, మీకు ఆ లంచ్‌ల మాట్లాడే బాధ తప్పుతది.

నిజం చెప్పాల్నంటే డోర్ కాడ నాకు ఎప్పుడు తిప్పలు పెట్టింది ధోతి కట్టుకున్న పెద్దమనుషులు గాదు. ఇరవై వేల నిక్కరు ఏసుకొని, ఇది బ్రాండెడ్ నీకేం తెలుసు అనేటోళ్లు.

ప్రశ్న (నల్లగొండ, క్లాక్ టవర్ దగ్గర నుంచి): బ్రో, దోస్తులతోని బ్యాంకాక్ పోతున్న, ఒక బ్యాక్‌ప్యాక్, రెండు నిక్కర్లు, సాండల్స్, అయిపోయింది. రూఫ్‌టాప్ బార్‌కు పోవాలె. సాండల్స్ అంటే పదివేలవి, రానిస్తరు గద?

జవాబు: రానియ్యరు. బ్యాంకాక్‌ల పేరున్న రూఫ్‌టాప్‌లు మొగోళ్ల నిక్కరు, స్లీవ్‌లెస్, వేళ్లు కనపడే చెప్పుల మీద గట్టిగుంటయి, అరవై అంతస్తులు లిఫ్ట్ల పోయి వాపస్ దిగొచ్చేటోళ్లు రోజూ ఉంటరు.

నాకు అయింది గాబట్టి చెప్తున్న. దుబాయ్‌ల ఒక శుక్రారం, నా డ్యూటీ ఆఫ్, పక్క హోటల్ల మా దోస్తు షెఫ్ గాడు పిలిచిండు రారా తిందాం అని. మంచి తోలు సాండల్స్ ఏసుకున్న, ఇస్త్రీ అంగీ, సెంటు గూడ కొట్టిన. డోర్ కాడ నా లాంటోడే ఒకడు, ఫిలిప్పీన్స్ పిల్లగాడు, నవ్వుకుంట నా పాదాల దిక్కు చూసిండు. ఆ నవ్వు నాకు తెలుసు, నేను రోజూ నవ్వేది గదే. చివరికి మా దోస్తు కిచెన్ ఎనుక నుంచి గిన్నెలు కడిగే పిల్లగాని నల్ల బూట్లు తెచ్చిచ్చిండు, రెండు సైజులు పెద్దయి, లోపల టిష్యూ కుక్కుకొని టక్కు టక్కుమని నడుచుకుంట పోయి తిన్న. బిర్యానీ ఎట్లుండెనో ఇప్పటికీ యాదికి లేదు.

నువ్వు చెయ్యాల్సింది తక్కువనే. ఒక నల్ల సన్న ప్యాంటు, అదే సాగేటి గుడ్డది, చుట్టి పెడ్తే పావుకిలో పైచిలుకు. కాలర్ టీషర్ట్ ఒకటి. సాండల్స్ బదులు మొత్తం నల్ల రంగు స్నీకర్స్, లోగో కనపడనియి, ఫ్లైట్‌ల కాళ్లకే ఏసుకపో. సాక్సులు ముదురు రంగువి. పొద్దున గుళ్లకు గూడ ఆ ప్యాంటే పనికొస్తది, అక్కడి రాజమహల్, పెద్ద బుద్ధుని గుడిల నిక్కరు మీద రానియ్యరు.

ప్రశ్న (సూర్యాపేట): కొడుకు లండన్ల ఉంటడు, మమ్మల్ని రిట్జ్ హోటల్‌కు చాయ్‌కి తీస్కపోతడట. చాయ్ తాగనీకి కోటు, టై ఏందండి? నిజమేనా, వాడు మజాక్ చేస్తున్నడా?

జవాబు: మజాక్ గాదు సార్. 1906 నాటి హోటల్ అది, పామ్ కోర్ట్ అని హాలుంటది, దాంట్ల మధ్యాహ్నం చాయ్‌కి మొగోళ్లకు జాకెట్, టై రెండు ఉండాల్సిందే, జీన్సు, స్పోర్ట్స్ బూట్లు నడవయి. చాయ్ అంటే మనోళ్ల కప్పు సాసరు గాదు, మూడంతస్తుల పళ్లెంల సాండ్విచ్‌లు, కేకులు, గంటన్నర కార్యక్రమం. దుబాయ్‌ల నాతోటి పనిచేసిన ఒక ఇంగ్లీషు మేనేజర్ మంచిగనే చెప్పేటోడు, లండన్ల ఇంత గట్టి రూలు ఇప్పుడు కొన్ని చోట్లనే మిగిలింది, మిగతా పెద్ద హోటళ్లు చానమట్టుకు స్మార్ట్ క్యాజువల్‌కు దిగినయి అని.

ఒక్క చాయ్ కోసం సూట్ మోసుకపోకండ్రి. నేవీ బ్లూ రంగు బ్లేజర్ ఒక్కటి, ఉన్ని కలిసిన గుడ్డది, లినెన్ మాత్రం వద్దు, అది కూసుంటే చాలు ముడత. ఆ బ్లేజర్ ఫ్లైట్‌ల ఒంటి మీదనే ఏసుకోండ్రి, ఎట్లాగు చలి పెడ్తది, పాస్‌పోర్ట్ జేబుల పెట్టుకోవచ్చు, ఒంటి మీద ఉన్న బట్టను ఎవరు తూకం ఎయ్యరు. పెట్టెల పెట్టాల్సి వస్తే ఒక భుజాన్ని లోపలికి తిరగేసి, రెండో భుజాన్ని దాంట్లకు దూర్చి, అస్తరు బయటికి వచ్చేటట్టు సగానికి మడిచి, నడుమ ఒక టీషర్ట్ ఉండ పెట్టండ్రి. టై చుట్టి బూటు లోపల పెట్టండ్రి. టై ముడి రాకపోతే ఇంటి కాడనే కొడుకుతోని వీడియో కాల్ల కట్టించుకొని, విప్పకుండ వదులు చేసి తల మీదికెళ్లి తీసి దాచుకోండ్రి, మేం స్టాఫ్ అంతా చేసేది గదే.

కోటు లేకుండ వచ్చినోళ్లకు ఇయ్యనీకి జాకెట్లు పెట్టుకునే రెస్టారెంట్లు ఉంటయి. మా దగ్గర ఆరు ఉండేవి, ఆరిట్ల ఒక్కటి గూడ ఎవ్వరికి సరిపోయింది నేను చూడలే, సన్నటోనికి గోనెసంచి లెక్క, లావటోనికి గుండీ పడదు. వాటి మీద నమ్మకం పెట్టుకొని పోకండ్రి. మీ ఇంటామెకు చీర, పైన స్వెటర్ గాకుండ శాలువా, ఫొటోలు మంచిగొస్తయి.

ప్రశ్న (వనపర్తి): పెద్ద హోటల్ల రూం తీసుకున్నప్పుడు పొద్దటి టిఫిన్‌కు లుంగీ మీద పోవచ్చా? ప్యాంటు ఎక్కువ పెట్టుకోకుండ ఉందామని.

జవాబు: పొద్దటి బఫేకు రూల్సు వదులే, నిక్కరు, టీషర్ట్ మీద వచ్చినోళ్లను మేం చూసీ చూడనట్టు ఉంటం, ఈతకొలను నుంచి తడిబట్టలతోని, రూంల తెల్ల గౌనుతోని వస్తే మాత్రం ఆపుతం. లుంగీ కట్టుకునుడు రూంల చెయ్యి, నేను గూడ ఇప్పటికి గదే చేస్తా. ఒక్కటి చూసుకో. ఆ డోర్లు ఎనుక నుంచి వాటంతట అవే లాక్ అయితయి. పేపర్ తీసుకుందామని లుంగీ, బనీన్ల కారిడార్లకు వచ్చి, ఎనుక టక్కుమని సప్పుడు ఇని, లిఫ్ట్‌ల పెండ్లోళ్ల నడుమ నిలబడి రిసెప్షన్ దాక దిగొచ్చిన ఒక పెద్దమనిషికి నేనే కొత్త కార్డు తీసిచ్చిన. కార్డు లుంగీ మడతల చెక్కుకో.